అమ్మీ పెట్టిన పరహేజు

మా అబ్బా గుండెలో ఒక లోహపు కవాటం ఉంది. పక్కన కూర్చుంటే అది టిక్కు టిక్కుమనడం వినిపిస్తుంది. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ చప్పుడుకు అమ్మీకి నిద్ర పట్టేది కాదు. తర్వాత తర్వాత ఆ చప్పుడు వినబడకపోతే నిద్ర పట్టడం మానేసింది. ఆ కవాటం మీద రక్తం గడ్డ కట్టకుండా అబ్బా బతికున్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకోవాలి. రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర. అది ఎక్కువైతే రక్తం ఆగదు, తక్కువైతే కవాటం మూసుకుపోతుంది. రెండింటికీ మధ్య ఉన్న సన్నటి దారిలో ఆయన నడవాలి, ఆ మాత్ర చేతిలో పెట్టే మనిషి కూడా నడవాలి. మా ఇంట్లో ఆ మనిషి అమ్మీ.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో మాకు కొంచెం పొలం ఉంది. అందులో అబ్బా వరి వేయలేదు, మక్క వేయలేదు. ఎప్పుడూ ఆకుకూరలే. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా, చుక్కకూర, మేము అంబాడా అనే గోంగూర. పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, తడి గోనెసంచి కప్పి, మోపెడ్ మీద యాప్రాల్, మచ్చ బొల్లారం కాలనీలకు తీసుకెళ్ళేవాడు. అమ్ముడుపోనివి మా కుండలోకి వచ్చేవి. అందుకని మా ఇంట్లో ఆకుకూర లేని పూట ఉండేది కాదు. పాలక్ గోష్తు వండితే అందులో మాంసం ఎక్కడుందో వెతుక్కోవాలి. చిన్నప్పుడు దీని మీద నేను చాలా గొడవ చేశాను. "మనమేమన్న మేకలమా?" అంటే, "మేకవైతే గిన్ని మాటలు రాకపోతుండె" అనేది అమ్మీ.

అమ్మీ పుట్టింటి ఊళ్ళో మావాళ్ళవి నాలుగిళ్ళే, అంతా తెలుగే. అందుకని మా ఇంట్లో దువాలు ఉర్దూలో, తిట్లు తెలుగులో నడిచేవి. తిట్లే ఎక్కువ కాబట్టి నాకు తెలుగే బాగా వచ్చింది. ఇప్పుడు బౌరంపేట్‌లో ఒక బడిలో తెలుగు టీచరుగా చేస్తున్నాను. పెళ్ళయ్యాక కూడా అబ్బావాళ్ళ వీధిలోనే, వాళ్ళ ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉంటున్నాను. దానికి కారణం ప్రేమ అని మా ఆయన అనుకుంటాడు. అమ్మీ వంట అని నాకు తెలుసు.

ఆపరేషన్ చేసి ఇంటికి పంపే రోజు డాక్టరు అబ్బాకు అన్నీ చెప్పాడు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, నెలనెలా రక్తపరీక్షకు ఎప్పుడు రావాలి, దెబ్బలు తగలకుండా ఎలా చూసుకోవాలి. అమ్మీ అంతా విని, చివర్లో అసలు ప్రశ్న అడిగింది.

"పరహేజ్ ఏంది సార్?"

"ఏమీ లేదమ్మా. రోజూ ఏం తింటున్నాడో అదే తిననీ. కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు, తినేది ఏదీ మానొద్దు" అన్నాడు డాక్టరు.

బయటికి వచ్చాక అమ్మీ ముఖం ముడుచుకుంది. "గింత పెద్ద ఆపరేషన్‌కు పరహేజ్ లేదా? పసిరికలకే నెల దినాలు నూనె బంద్ పెడ్తరు. పెద్ద డాక్టర్ అంటరు, పరహేజ్ గూడ చెప్పరాదు."

పరహేజు అంటే పథ్యమే. కాని పథ్యం అంటే మా అమ్మీ వంటి ఆడవాళ్ళ మనసులో దానికున్న బరువు తెలియదు. మందు డాక్టరుది, సూది నర్సుది. ఇంటి ఆడమనిషి చేతిలో ఉండేది పరహేజు ఒక్కటే. ఏది వండాలో, ఏది వండకూడదో తనకు తెలియాలి. పిల్లలకు జ్వరమొస్తే పెరుగు బంద్, దగ్గొస్తే అరటిపండు బంద్, కాలు విరిగితే వంకాయ బంద్. కాలికీ వంకాయకూ సంబంధమేమిటని అడిగితే చీపురు చేతిలోకి తీసుకునేది. మా బాల్యమంతా ఏదో ఒకటి బంద్ అవుతూనే గడిచింది. భర్త గుండె కోసి అతికించారు, తాను మానిపించవలసింది ఏమీ లేదంటే ఆమెకు తనను ఆ జబ్బులోంచి బయటికి తోసేసినట్టు అనిపించింది. ఇది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నవ్వొచ్చింది.

కొన్నేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. అబ్బా నెలనెలా పరీక్షకు వెళ్ళేవాడు, మాత్ర వేసుకునేవాడు, పొలం చేసేవాడు, ఆకుకూర తినేవాడు.

ఆదివారాలు కొత్త కాలనీలవాళ్ళు కార్లలో మా పొలానికే వచ్చి ఆకుకూరలు కొనుక్కునేవాళ్ళు. అలా వచ్చేవాళ్ళలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ భర్త ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. ఆవిడ అమ్మీని వదినగారూ అని పిలిచేది. అమ్మీకి ఆ పిలుపు ఎంతో ముద్దు, ఆవిడకు కొసరు కట్ట లేకుండా ఎప్పుడూ పంపలేదు. ఒక ఆదివారం అబ్బా మాత్రల సంగతి మాటల్లో వచ్చింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో వదినగారూ, ఆ మాత్ర వేసుకునేవాళ్ళు ఆకుకూరలు ముట్టుకోకూడదటండీ! మా బావగారికి ఆపరేషన్ చేసిన డాక్టరు మొదటిరోజే చెప్పారు. ఆయన ఇప్పటికీ తోటకూర మొహం చూడరు. మీరు అన్నయ్యగారికి రోజూ ఇవే పెడుతున్నారా?"

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆ బావగారికి మొదటినుంచీ ఆకుకూర లేదు కాబట్టి, అది లేకుండానే ఆయనకు మాత్ర మోతాదు కుదిరింది. మా అబ్బా లెక్క వేరు. ఆ తేడా ఆవిడకు తెలియదు, మాకూ తెలియదు. ఆవిడ మీద నాకు కోపం లేదని రాస్తే అది దొంగమాట. కోపం వచ్చింది, పోయింది, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది.

అమ్మీ ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చిన తీరు నాకు గుర్తుంది. ఇన్నాళ్ళూ ఎవరో దాచిపెట్టింది దొరికినట్టు వచ్చింది. "నేను అప్పుడే అన్ననా, పరహేజ్ లేకుండ ఉంటదా అని? డాక్టర్‌కు తెల్వకనే చెప్పలే" అంది.

మర్నాటి నుంచి మా కుండలోకి ఆకు రాలేదు. పాలకూర లేదు, మెంతికూర లేదు, అంబాడా లేదు. పప్పులో కొత్తిమీర కూడా వేయలేదు. అబ్బా చూసి ఆశపడతాడని ఇంట్లో ఎవరికీ వండలేదు. ఆలుగడ్డ, సొరకాయ, దోసకాయ, గుడ్డు. నేనైతే సంబరపడిపోయాను. నా చిన్నప్పటి గొడవ ఇన్నేళ్ళకు గెలిచిందని అబ్బా ముందే గుడ్డుకూర రెండోసారి వడ్డించుకున్నాను. అబ్బా మాత్రం పళ్ళెం వైపు చూసి, చేతులు వాసన చూసుకుని, "చేతులకేమో మెంతి, పల్లెంలేమో ఆలుగడ్డ" అన్నాడు. అమ్మీ పెట్టింది తినడం, పెట్టనిది అడగకపోవడం ఆయనకు అలవాటు.

వెంటనే రంజాన్ వచ్చింది. ఆ నెలలో కొత్తిమీరకు, పుదీనాకు ఉండే గిరాకీ ఏడాదంతా ఉండదు. హలీం పొయ్యిలు, బిర్యానీ హోటళ్ళు, ప్రతి ఇంట్లో ఇఫ్తారు. రోజా ఉపవాసాలు ఉండొద్దని అబ్బాకు డాక్టరు చెప్పాడు కాని పని చెయ్యొద్దని చెప్పలేదు కదా. రక్తపరీక్షకు నగరంలోకి వెళ్తే ఒక పూట పోతుంది. "ఈద్ అయినంక పోదాం తియ్యి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన పరీక్ష తప్పించింది అదొక్కసారే.

పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. ముంజేతుల మీద నీలంగా మచ్చలు లేచాయి. కట్టలు కట్టేటప్పుడు తాడు ఒత్తుకుందని అబ్బా అన్నాడు. నీరసమని అమ్మీ ఖర్జూరాలు పెట్టింది. పండగ ఇంకో వారం ఉందనగా ఒక పొద్దున అబ్బా పుదీనా మడిలో పడిపోయాడు. చాయ్ తీసుకుని వెళ్ళిన అమ్మీయే చూసింది. తల పగిలిపోతోందని అన్నాడట, వాంతి చేసుకున్నాడట, తర్వాత ఎడమచెయ్యి నాది కాదు అన్నాడట.

పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళాం. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. చదువుకున్న పిల్లనని నన్ను పిలిచాడు. అమ్మీ ఆ చివర బెంచీ మీద తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది.

"రక్తం మరీ పలచనైపోయి మెదడులో నరం చిట్లింది. ఈ మధ్య తిండిలో ఏమైనా మార్చారా?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన పాత కాగితాలు తిరగేసి నిట్టూర్చాడు.

"మీ నాన్నగారికి ఇచ్చిన మోతాదు రోజూ ఆకుకూరలు తినే మనిషికి సరిపెట్టిన మోతాదమ్మా. ఆకుకూర ఈ మందును కొంత విరగ్గొడుతుంది. అందుకే ఆయనకు అందరికంటే ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది. ఆకుకూర ఒక్కసారిగా తీసేసి, మాత్ర అంతే ఉంచితే ఆ మాత్రే విషమవుతుంది. మీరు పరీక్షకైనా వచ్చుంటే పట్టుకునేవాళ్ళం." ఆగి, లోపల అబ్బాకు ఎక్కుతున్న సూది వైపు చూపించాడు. "దానికి విరుగుడు ఇప్పుడు ఇస్తున్నాం. విటమిన్ కె. ఆకుకూరల్లో ఉండేది అదే."

మా పొలం నిండా ఉన్న దాన్ని సీసాలో పోసి, సూదితో ఎక్కిస్తున్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అమ్మీ దగ్గరికి వెళ్తే తస్బీ ఆపింది. "ఏమన్నడు?"

"మాత్ర ఎక్కువైందంట అమ్మీ."

అది నిజమే. సగం నిజం. మిగతా సగం ఆమెకు చెప్పి ఏం సాధించాలి? ఇకముందు కూడా ఆకుకూర లేకుండానే నడపొచ్చని, దానికి తగ్గట్టు మాత్ర తగ్గిస్తామని డాక్టరు చెప్పాడు. మార్చకుండా ఉంటే చాలన్నాడు. అలాంటప్పుడు ఆ పరహేజే ఆయన్ని పడగొట్టిందని అమ్మీకి చెప్పడమంటే ఆమె గుండెలో నేను గునపం దించడమే. నేను దించలేదు. అది తప్పనుకోలేదు, ఇప్పటికీ అనుకోను.

అబ్బా బతికాడు. బతికిన మనిషీ పడిన మనిషీ ఒకరు కాదు. ఎడమకాలు ఈడుస్తాడు, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మరిచిపోతాడు. అంతకంటే వింత ఇంకోటి. ఎడమవైపు అనేది ఒకటుందని ఆయన మెదడుకు తెలియదు. కళ్ళు బాగానే ఉన్నాయి, అటు ధ్యాస లేదు. పళ్ళెంలో కుడివైపు అన్నం తిని, అయిపోయిందని చెయ్యి కడుక్కోబోతాడు. అమ్మీ పళ్ళెం తిప్పి పెడితే, "మల్ల పెట్టినవా?" అని ఆశ్చర్యపోతాడు. గడ్డం కుడివైపే దువ్వుకుంటాడు. పొలానికి తీసుకెళ్తే కూర్చుని కుడిచేత్తో పాలకూర పీకుతాడు, మడికి కుడిసగం బోడిగా, ఎడమసగం నిండుగా ఉంటుంది. మొదటిసారి అది చూసి నేను నవ్వాను. తర్వాత బావి గట్టు చాటుకు పోయి కూర్చున్నాను. ఇప్పుడు ఆ పొలం మా చిన్నాన్న చేస్తున్నాడు.

నవ్వు సంగతి చెప్పాలి. గాయమైన మెదడు మనిషిని ఊరికే నవ్విస్తుందట, ఊరికే ఏడిపిస్తుందట. దానికీ మనసుకూ సంబంధం ఉండదట. డాక్టరు ముందే చెప్పినా మాకు అర్థం కాలేదు. దగ్గరి చుట్టం ఒకాయన పోతే అబ్బాను తీసుకెళ్ళాం. మయ్యత్‌ను పడుకోబెట్టిన చోట అందరూ తల వంచుకుని నిలబడితే అబ్బా నవ్వడం మొదలుపెట్టాడు. నోరు పట్టుకున్నా ఆగలేదు. భుజాలు కదిలేలా, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. పోయినాయన కొడుకు ఇటు తిరిగి చూసిన చూపు నేను మరిచిపోలేను. అమ్మీ ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, అందరికీ చేతులు జోడించింది. ఇంటికొచ్చాక, "మస్తు బాధైంది నాకు, మంచోడుండె" అన్నాడు అబ్బా. "మరి ఎందుకు నవ్వినవ్?" అంటే, "తెల్వది. వచ్చింది" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని చావులకూ పెళ్ళిళ్ళకూ తీసుకెళ్ళడం మానేశాం. ఊరంతటితో నవ్వుతూ తుళ్ళుతూ బతికిన మనిషిని, నవ్వుకు భయపడి ఇంట్లో కూర్చోబెట్టాం.

ఇదంతా అమ్మీ మోసింది. స్నానం, బట్టలు, పళ్ళెం తిప్పడం, ఎడమకాలి చెప్పు ఊడితే మళ్ళీ తొడగడం. మోస్తూ మోస్తూ పరహేజును ఇంకా గట్టి చేసింది. ఇంటి ముందు కరివేపాకు చెట్టు కూడా కొట్టించేసింది. చుట్టాల్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ అయిందంటే వాళ్ళకు ఫోన్ చేసి మరీ చెప్పేది. "మాత్రను నమ్మకుండ్రి, పరహేజ్ జెయ్యుండ్రి. మా ఇంటాయన గట్లనే బతికిండు." నేను పక్క గదిలో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ వినేదాన్ని. ఎర్రపెన్ను ఆగిపోయేది.

రెండేళ్ళు గడిచాక మొన్న చలికాలంలో అబ్బాను పరీక్షకు తీసుకెళ్తే డాక్టరు రిపోర్టు చూసి నా వైపు చూశాడు.

"అసలు మాత్ర వేస్తున్నారా?"

"వేస్తున్నాం సార్. మా అమ్మ వేస్తుంది."

"వేస్తే రక్తం ఇంత చిక్కగా ఎందుకుంటుంది? ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే కవాటం మీద గడ్డ కడుతుంది. కడితే మాట్లాడుకోవడానికి టైం కూడా ఉండదు." పొట్టకు ఇచ్చే సూదులు రాసిచ్చాడు, మాత్ర ఒక్కటి కూడా తప్పకూడదన్నాడు.

ఇంటికి వచ్చాను. అబ్బా అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. అమ్మీ వెనక నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది.

"అమ్మీ, అబ్బాకు మాత్ర ఇస్తున్నవా?"

"ఇస్తున్న."

"మొత్తం ఇస్తున్నవా?"

ఆమె పీచుతో తోమడం ఆపలేదు. "నెల సంది సగమే ఇస్తున్న. ఒక్కో దినం గది గూడ ఇయ్య."

"ఎందుకు?"

"గా జహర్‌ను, గా ఇసాన్ని నా చేత్తోని ఎట్ల పెట్టాలె? పోయినసారి సంపనే సంపింది గదా. నేను పరహేజ్ జేయించిన గాబట్టి గింత మాత్రమన్న మిగిలిండు. లేకుంటే గా పుదీన మడిలనే పోతుండె." పీచు గిన్నెలో పడేసి నా వైపు తిరిగింది. "మాత్ర తగ్గించిన సంది మనిషి జర తేటగ లేడా? నువ్వే జూడు."

ఇక దాచడానికి వీల్లేదని నాకు అప్పుడు అర్థమైంది. దాచితే ఆమె ఆ మాత్ర ఇవ్వదు. నేను తిట్టినా, బతిమాలినా, ఒట్టు పెట్టించుకున్నా, నేను బడికి పోయాక సగం చేస్తుంది. రెండేళ్ళ కింద నేను చెప్పిన సగం నిజాన్ని ఆమె నమ్మింది కాబట్టి చేస్తుంది. ఆమెకు ఆ మాత్ర మీద నమ్మకం రావాలంటే పరహేజు మీద పోవాలి. అబ్బా మిగలాలంటే అమ్మీ విరగాలి. నల్లా గట్టు మీద కూర్చున్నాను.

"అమ్మీ, మాత్ర గాదు. పరహేజ్."

"ఏం పరహేజ్?"

చెప్పాను. డాక్టరు వరండాలో చెప్పింది చెప్పినట్టు. ఆకుకూర రోజూ తినేవాడు కాబట్టి మాత్ర ఎక్కువ పెట్టారని, ఆకుకూర తీసేసరికి ఆ మాత్ర విషమైందని, విరుగుడుగా ఎక్కించింది కూడా ఆకుకూరలో ఉండేదేనని. నల్లా కారుతూనే ఉంది, గిన్నె నిండి పొర్లింది. చివరికి చెయ్యి చాచి నల్లా కట్టేసింది.

"నీకెప్పుడు తెల్సింది?"

"దవాఖానాలనే."

"అయితే గిన్నొద్దులు నేను మందికి చెప్తాంటే ఇన్నవ్."

"ఇన్న."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎటో చూసింది. తర్వాత ఉలిక్కిపడ్డట్టు లేచింది.

"బొల్లారం."

"ఏం బొల్లారం?"

"మా చిన్నమ్మ కొడుక్కు ఆపరేషన్ కాలే? పోయిన వారమే వాని పెండ్లానికి ఫోన్ జేసి చెప్పిన. ఆకుకూర బంద్ పెట్టమన్న. ఒట్టేయించుకున్న." అప్పటికే బురఖా వేసుకుంటోంది. "బండి తియ్యి. జల్దీ."

ఫోన్ చేద్దామన్నాను. "ఫోన్ల చెప్పిన మాటను ఫోన్ల ఎట్ల తీసుకుంట? మొకం జూసి చెప్పాలె" అంది. అబ్బాను మా ఆయనకు అప్పజెప్పి, స్కూటీ మీద మచ్చ బొల్లారం వెళ్ళాం. దారి పొడుగునా నా భుజం పట్టుకుని కూర్చుంది. ఆ పట్టు వదులు కాలేదు.

ఆ ఇంట్లో మనిషి బాగానే ఉన్నాడు. మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన భార్య చిన్నది, అమ్మీని అక్కలా ఆపా అని పిలుస్తుంది, అమ్మీ అంటే భక్తి. ఎదురొచ్చి, "ఆపా, మీరు చెప్పినట్టే జేస్తున్న. ఒక్క ఆకు పెట్టలే" అంది. అమ్మీ కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి, ముఖం మీది బట్ట తీసి చెప్పింది.

"నేను చెప్పింది తప్పు. నేను గట్లనే జేసి నా ఇంటాయన్ని పండబెట్టిన. మాత్ర పండబెట్టలే, నేను పండబెట్టిన. రేపు పొద్దుగాలనే రక్తపరీక్షకు తీస్కపో. మునుపు తింటుండె, ఇప్పుడు బంద్ పెట్టిన అని డాక్టర్‌కు చెప్పు. ఏం పెట్టాలెనో ఆయన్నే అడుగు. నన్ను అడగకు, ఎవ్వర్ని అడగకు."

ఆ పిల్ల కంగారు పడింది. అమ్మీ చెయ్యి పట్టుకుంది. "గట్ల అనకుండ్రి ఆపా. అంత అల్లా మర్జీ. మీరేం జేస్తరు?"

"మర్జీ అల్లాదే. కూర బంద్ పెట్టింది నేను" అంది అమ్మీ.

చాయ్ తాగమన్నా ఆగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మేడ్చల్ రోడ్డు లారీల మోతలో నా వీపు వెనకనుంచి ఒక్కసారే మాట్లాడింది. "మీ అబ్బాకు చెప్పాలె గదా." వద్దన్నాను. ఆయనకు చెప్పి ఏం లాభమని అరిచాను. ఆయనకు తెలియకపోయినా జరిగేది అంతే కదా అన్నాను. రెండేళ్ళు నేను ఆమె విషయంలో అనుకున్నది కూడా అచ్చంగా అదేనని నాకప్పుడు తట్టింది.

మేము వచ్చేసరికి సాయంత్రమైంది. అబ్బా అరుగు మీదే ఉన్నాడు. అమ్మీ వెళ్ళి ఆయన కుడివైపు కూర్చుంది. ఎడమవైపు కూర్చుంటే ఆమె ఉన్నట్టు ఆయనకు తెలియదు.

"అజీ, ఇన్నరా. మీకొకటి చెప్పాలె."

నాకు చెప్పినంత వివరంగా కాదు, చిన్న చిన్న మాటల్లో చెప్పింది. ఆయనకు ఎక్కువ మాటలు ఒక్కసారి పట్టవు. మీరు పడ్డది మాత్రతోని కాదు. నేను ఆకుకూర మాన్పిచ్చిన, గందుకే పడ్డరు. మీ కాలు, మీ చెయ్యి, అంత నేనే జేసిన. మాఫ్ జేస్తరా? అబ్బా ఆమె ముఖంలోకి చూస్తూ విన్నాడు. మధ్యలో ఒకసారి తల ఊపాడు. అర్థమైందని నాకు తెలిసింది. ఆ కళ్ళల్లో ఒక్క క్షణం ఆకుకూర మోపెడ్ మీద కట్టుకుని వెళ్ళే మా పాత అబ్బా ఉన్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు.

నవ్వొచ్చింది ఆయనకు.

మొదట పెదవి కదిలింది, తర్వాత భుజాలు. ఎంత ఆపుకోవాలని చూసినా ఆగలేదు. కుడిచేత్తో నోరు మూసుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి నవ్వు వస్తూనే ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అమ్మీ కదలకుండా కూర్చుని ఆ ముఖాన్ని చదవడానికి చూస్తోంది. ఒకసారి కళ్ళు చూస్తుంది, ఒకసారి పెదవులు చూస్తుంది. నవ్వు తగ్గేసరికి ఆయన అలసిపోయి గోడకు ఒరిగాడు, అలాగే కునుకు పట్టింది. చెప్పబోయిన మాట చెప్పనేలేదు.

అమ్మీ నా వైపు తిరిగింది. "గిది బీమారీ నవ్వేనా బిడ్డా? లేకుంటే నన్ను జూసి నవ్విండా?"

నేను లోపలికి వెళ్ళి దుప్పటి తెచ్చి అబ్బాకు కప్పాను.

మర్నాడు ఆమె ఆయన్నే అడిగింది. నిన్న నేను చెప్పింది యాదికుందా అంటే ఉందన్నాడు. మరి ఎందుకు నవ్విండ్రు అంటే చాలాసేపు ఆలోచించాడు. నిజంగా కష్టపడి ఆలోచించాడు, నుదురు ముడిపడింది. "తెల్వదే. వచ్చింది" అన్నాడు. ఇంకోసారి అడిగితే ఏడ్చాడు. ఆ ఏడుపు ఏదో కూడా మాకు తెలియలేదు. డాక్టరును అడిగాను. అది చెప్పడం ఎవరివల్లా కాదన్నాడు.

ఇప్పుడు అమ్మీ రోజూ సాయంత్రం మాత్ర మొత్తం ఇస్తుంది. అబ్బా కుడి అరచెయ్యి చాపుతాడు. నేనిచ్చినా, మా ఆయనిచ్చినా అలాగే చాపుతాడు. మాత్ర మింగి, నీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఇస్తాడు. అమ్మీ గ్లాసు తీసుకున్నాక కూడా కాసేపు ఆయన ముఖంలోకి చూస్తూ అక్కడే నిలబడుతుంది.